అరిగింది స్ప్రింగే... తుపాకీ కాదు!

తాత కొన్న పంప్ యాక్షన్ షాట్‌గన్‌ను మనవడు బల్ల మీద విప్పి, అరిగిన ముక్క మార్చి, మళ్లీ బాతుల వేటకు పట్టుకెళ్లడం అమెరికా పల్లెల్లో ఇప్పటికీ ఉన్న అలవాటే. తయారుచేసిన ఫ్యాక్టరీ మూతపడ్డా ఈ తుపాకీ మూలనపడలేదు. దాన్ని అంతకాలం బతికిస్తున్నదేమిటి? ఇంట్లో ఏది మార్చుకోవచ్చు? ఏది ముట్టుకోకూడదు?

న్యూయార్క్ రాష్ట్రంలో మోహాక్ నది పక్కన ఇలియన్ అనే చిన్న ఊరుంది. 1816లో తుపాకీ గొట్టాల పని మొదలుపెట్టిన ఎలిఫలెట్ రెమింగ్టన్ 1828లో కార్ఖానాను ఇక్కడికి మార్చాడు. అప్పట్నుంచీ ఊరూ ఫ్యాక్టరీ కలిసే పెరిగాయి. కంపెనీ 2018లో ఒకసారి, 2020లో మరోసారి దివాలా తీసింది. ఆస్తుల్ని ముక్కలుగా వేలం వేశారు. తుపాకుల వ్యాపారాన్ని కొనుక్కున్న కొత్త యాజమాన్యం 2024 మార్చిలో ఇలియన్ ఫ్యాక్టరీకి తాళం వేసి, పనంతా జార్జియా రాష్ట్రంలోని లగ్రేంజ్‌కి తరలించింది.

ఆ ఊళ్లోనే 1950లో పుట్టింది రెమింగ్టన్ 870. కోటో తుపాకీ 2009లోనే బయటికొచ్చింది. అన్ని తుపాకులూ ఎక్కడికి పోతాయి? పొలం ఇళ్లల్లో, ట్రక్కుల సీట్ల వెనక, పోలీసు వాహనాల్లో, తాకట్టు దుకాణాల గోడల మీద ఉన్నాయి. వాటిలో బాగా పాతవాటికి స్ప్రింగులు మెత్తబడ్డాయి, కొక్కేలు అరిగాయి, భుజానికి ఆనే వెనక కొసకు, అంటే మడమకు, తొడిగిన రబ్బరు బిరుసెక్కి పగిలింది. అయినా యజమానులు వాటిని తుక్కు కింద వేయడం లేదు. చాలా రిపేర్లకు కావాల్సింది ఒక చిన్న సుత్తి, ఒక పంచ్, కొన్ని డాలర్ల ముక్క, ఒక సాయంత్రం. అంతకన్నా ముఖ్యంగా కావాల్సింది ఇంకొకటుంది. ఏ ముక్క మార్చాలో, ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలో తెలియడం.

చవకే కలిసొచ్చింది

పంప్ షాట్‌గన్ కథలో మొదటి పెద్ద పేరు జాన్ మోజెస్ బ్రౌనింగ్. యూటా రాష్ట్రం ఆగ్డెన్‌లో తుపాకులు బాగుచేసే తండ్రి దుకాణంలో పని నేర్చుకున్నవాడు. అతను రూపొందించిన మోడల్ 1893ని వించెస్టర్ కంపెనీ అమ్మింది. పొగరాని మందు వాడకంలోకి వచ్చాక దాన్నే గట్టిపరిచి మోడల్ 1897గా దించారు. దాని సుత్తి, అంటే తూటాను పేల్చే పిన్నును కొట్టే భాగం, బయటికే కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు కందకాల్లో వాడిందీ ఇదే. 1957 దాకా తయారైంది.

ఆ తర్వాత థామస్ క్రాస్లీ జాన్సన్ రూపకల్పన చేసిన మోడల్ 12 వచ్చింది. సుత్తి లోపల దాగి ఉండే ఈ తుపాకీని 1912 నుంచి అరవయ్యో దశకం మొదటి దాకా దాదాపు 20 లక్షలు తయారుచేశారు. ఉక్కు దిమ్మల నుంచి మిల్లింగ్ యంత్రాల మీద ఒక్కో భాగాన్నీ చెక్కి, పనివాడు ఆకురాయితో సర్ది కూర్చిన తుపాకీ అది. అందుకే అంత నునుపుగా కదులుతుంది. ఆ పనితనానికయ్యే ఖర్చు మోయలేకే వించెస్టర్ దాన్ని ఆపేసింది.

రెమింగ్టన్ వేరే దారి పట్టింది. 1931లో తెచ్చిన మోడల్ 31 మంచి తుపాకీయే గానీ మోడల్ 12ను అమ్మకాల్లో దాటలేకపోయింది. దాంతో 870 దగ్గర కంపెనీ ఇంజినీర్లు లెక్క మార్చారు. రిసీవర్‌ను, అంటే యంత్రాంగమంతా ఇమిడి ఉండే పెట్టెను, గట్టి ఉక్కు దిమ్మ నుంచే చెక్కించారు. లోపలి చిన్న భాగాల్లో చాలావాటిని మాత్రం రేకు అచ్చుల మీద కొట్టించారు. అప్పటికే తమ దగ్గర తయారవుతున్న 11-48 అనే ఆటోలోడర్ (తనంతట తానే తూటా నింపుకునే తుపాకీ) భాగాలనే కొన్నింటిని ఇందులోనూ వాడుకున్నారు. ధర తగ్గించడమే వాళ్ల ఉద్దేశం. ఆకురాయి పట్టిన పనివాడి అవసరం తగ్గేసరికి ఒక తుపాకీ ముక్క ఇంకో తుపాకీలో నేరుగా కూర్చునే వీలొచ్చింది. పొదుపు కోసం చేసిన ఏర్పాటే అర్ధ శతాబ్దం తర్వాత యజమానికి కలిసొచ్చింది. మోడల్ 12కి కొత్త ముక్క తెస్తే సరిపోతుందో లేదో కూర్చోబెట్టి చూస్తేగానీ తెలియదు. 870కి తెస్తే సాధారణంగా సరిపోతుంది.

ఒక్క లాగుడులో ఎన్ని పనులో

ఏది అరిగిందో తెలియాలంటే ఏది ఏం చేస్తుందో ముందు తెలియాలి. 870లో తూటా పేలిన తర్వాత ఎడమచేత్తో పట్టుకున్న ముందు పిడిని, అంటే ఫోరెండ్‌ను, వెనక్కి లాగుతాం. దానికున్న రెండు ఉక్కు కడ్డీలు, తూటా కూర్చునే గదిని (ఛాంబర్) వెనక నుంచి మూసి ఉంచే బోల్ట్ కింద ఉన్న స్లయిడ్‌ను వెనక్కి నెడతాయి. బ్యారెల్ వెనక కొసలోని గాడిలో బిగిసి ఉన్న లాకింగ్ బ్లాక్ ముందు కిందికి జారుతుంది, అప్పుడు బోల్ట్ వదులవుతుంది. బోల్ట్ కుడిపక్కన ఉన్న చిన్న కొక్కెం ఖాళీ తూటా అంచును పట్టి ఛాంబర్ లోంచి లాగుతుంది. దీన్నే ఎక్‌స్ట్రాక్టర్ అంటారు. రిసీవర్ ఎడమగోడకు ఉన్న ఎజెక్టర్ ఆ ఖాళీ తూటాకు అడ్డుపడి కుడివైపు కిటికీలోంచి బయటికి విసిరేస్తుంది.

ఇంతలో బోల్ట్ వెనక్కి పోతూ సుత్తిని వంచి సిద్ధం చేస్తుంది. మ్యాగజైన్ గొట్టం మూతి దగ్గర రెండు పక్కలా ఉన్న గొళ్లేల్లో ఒకటి ఒక తూటాను వదులుతుంది, రెండోది వెనక వచ్చేదాన్ని ఆపుతుంది. వదిలిన తూటా క్యారియర్ అనే పలక మీద పడుతుంది. పిడిని ముందుకు తోస్తే పలక పైకి లేస్తుంది, బోల్ట్ తూటాను ఛాంబర్‌లోకి నెడుతుంది, లాకింగ్ బ్లాక్ లేచి మళ్లీ గాడిలో కూర్చుంటుంది. ఇదంతా అర సెకను పని. ఈ వరుసలో ఎక్కడ తేడా వచ్చిందో గమనించగలిగితే సగం రిపేరు అయిపోయినట్టే.

లక్షణం చూసి ముక్క

మ్యాగజైన్‌లో తూటా ఉన్నా పలక మీదికి రాకపోయినా, చివరి తూటా నత్తనడక నడిచినా ముందు అనుమానించాల్సింది మ్యాగజైన్ స్ప్రింగ్‌ను. ఏళ్ల తరబడి తూటాలు నింపి ఉంచిన తుపాకీల్లో ఇది తరచుగా కనిపించే జబ్బు. అయితే గొట్టం లోపల తుప్పు పట్టినా, బయట సొట్ట పడినా ఇదే లక్షణం. కొత్త స్ప్రింగ్ వేసే ముందు గొట్టంలోకి లైటు వేసి చూడాలి.

పేలిన తూటా ఛాంబర్‌లోనే ఉండిపోతే అందరూ ఎక్‌స్ట్రాక్టర్‌నే తిడతారు. తప్పు చాలాసార్లు దానిది కాదు. ఛాంబర్ గోడ గరుకెక్కినా, ప్లాస్టిక్ అవశేషాలు అట్టకట్టినా తూటా పట్టేస్తుంది. చవక తూటాలకు అడుగున ఇత్తడి బదులు ఉక్కు తొడుగు ఉంటుంది. పేలినప్పుడు ఉబ్బిన ఉక్కు ఇత్తడిలాగా తేలిగ్గా వెనక్కి ముడుచుకోదు. అందుకని ముందు ఛాంబర్‌ను బ్రష్‌తో, ద్రావకంతో శుభ్రంగా తోమి, ఇత్తడి అడుగున్న తూటాలతో ప్రయత్నించాలి. అప్పటికీ దారికి రాకపోతేనే కొక్కెం సంగతి చూడాలి.

ఖాళీ తూటా ఛాంబర్ లోంచి వచ్చి కిటికీ దగ్గరే చతికిలబడితే ఎజెక్టర్ అరిగిందనో విరిగిందనో అర్థం. ఒకేసారి రెండు తూటాలు జారినా, పలక కింద ఒకటి ఇరుక్కున్నా గొళ్లేల పని పట్టాలి. ట్రిగ్గర్ నొక్కితే తూటా అడుగున చిన్న నొక్కు పడి పేలకపోతే ఫైరింగ్ పిన్నునో, సుత్తి స్ప్రింగ్‌నో అనుమానిస్తారు గానీ, చాలాసార్లు అసలు దొంగ పాత నూనె. దశాబ్దాల నాటి నూనె బోల్ట్ లోపల జీడిపాకంలా బిగుసుకుని పిన్నును కదలనివ్వదు. శుభ్రం చేస్తే చాలు, ఏ ముక్కా కొనక్కర్లేదు.

బల్ల మీద

ఏ పనికైనా ముందు తుపాకీ ఖాళీ అని తేల్చుకోవాలి. పంప్ తుపాకీలో ఒక మోసం ఉంది. పిడి లాగితే ఛాంబర్‌లో ఉన్నది బయటికొస్తుంది, కానీ మ్యాగజైన్‌లో ఇంకొకటి ఉంటే అది వచ్చి ఆ స్థానంలో కూర్చుంటుంది. అందుకే కంటితో చూసి ఊరుకోరు. ఛాంబర్‌లోనూ, మ్యాగజైన్ మూతి దగ్గరా వేలు పెట్టి తడిమి చూస్తారు. తూటాలన్నీ వేరే గదిలో పెట్టాకే పని మొదలు. కళ్లద్దాలు తప్పనిసరి. ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

870లో మ్యాగజైన్ గొట్టం కొసనున్న మూత విప్పితే బ్యారెల్ ముందుకు జారి వచ్చేస్తుంది. గొట్టం మూతిలో స్ప్రింగ్‌ను ఆపి ఉంచే రిటైనర్ కనిపిస్తుంది. పాతవాటిలో అది లోహపు గిన్నెలా ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా పైకి లేపుతూ, రెండో అరచెయ్యి మూతికి అడ్డం పెట్టాలి. పెట్టకపోతే మూరల కొద్దీ స్ప్రింగ్ గది అవతలికి ఎగురుతుంది. బయటికొచ్చిన పాత స్ప్రింగ్‌ను కొత్తదాని పక్కన పరిస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. పాతది కురచబడి ఉంటుంది, చుట్లు ఒకదానికొకటి దగ్గరై ఉంటాయి.

గొట్టం లోపల గుడ్డతో తుడిచి, పల్చగా, పైపైన నూనె రాసి ఆపాలి. ఎక్కువ పోస్తే అది దుమ్మును పట్టి రేపటి జబ్బవుతుంది. స్ప్రింగ్ ముందు ఉండి తూటాలను నెట్టే ఫాలోవర్ కప్పు అంచులు చిట్లితే అదీ మార్చాలి. ఇక్కడే చాలామంది మరిచిపోయే ముక్క ఒకటుంది. వలస పక్షుల వేటలో తుపాకీలో మొత్తం మూడు తూటాలకు మించి పట్టకూడదని అమెరికా ఫెడరల్ నిబంధన. అందుకే గొట్టంలో ఒక చెక్క పుల్ల ఉంటుంది. స్ప్రింగ్ మార్చి ఆ పుల్లను బల్ల మీదే వదిలేస్తే, బాతుల సీజన్‌లో వేటను పర్యవేక్షించే వార్డెన్ తనిఖీకి దొరికిపోతారు.

ఎక్‌స్ట్రాక్టర్ పని ఇంకాస్త నేర్పు అడుగుతుంది. రిసీవర్ అడుగున అడ్డంగా ఉన్న రెండు పిన్నుల్ని పంచ్‌తో తట్టి తీస్తే ట్రిగ్గర్ గుంపు మొత్తం ఒకే ముద్దగా చేతిలోకి వస్తుంది. దాన్ని అలాగే పక్కన పెట్టి, ఫోరెండ్‌నూ బోల్ట్‌నూ ముందు నుంచి జార్చి తీస్తారు. బోల్ట్ కుడిపక్కన కొక్కెం వెనక గోధుమగింజ అంత ప్లంజర్, దాని వెనక ఇంకా చిన్న స్ప్రింగ్ ఉంటాయి. సన్నని స్క్రూడ్రైవర్ మొనతో ప్లంజర్‌ను వెనక్కి అదిమితే కొక్కెం బయటికొస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు ఈ పనిని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచీలో చేతులు పెట్టి చేస్తారు. ఎగిరిన స్ప్రింగ్ సంచీలోనే ఉంటుంది, తివాచీలో వెతుక్కునే పని తప్పుతుంది. పాత 870లలో కొక్కేన్ని ఉక్కు నుంచి చెక్కేవారు. తర్వాతి చవక రకాల్లో లోహపు పొడిని అచ్చులో పోసి చేసినవి వచ్చాయి. అందుకే చాలామంది మార్చేటప్పుడు చెక్కినదాన్నే వెతికి వేస్తారు.

మడమ రబ్బరు మార్చడం వీటికన్నా తేలిక, రెండు మరలు తీసి బిగించడమే. అయితే మడమ వంపుకు సరిపడే కొలత తీసుకోకపోతే అంచులు బయటికి పొడుచుకొస్తాయి. ముందు పిడి లొడలొడలాడుతుంటే లోపలి నట్టు వదులైందని గుర్తు. దాన్ని బిగించడానికి ప్రత్యేకమైన రెంచ్ అమ్ముతారు. శ్రావణంతో తిప్పితే నట్టు గాళ్లు చెడతాయి.

ఇక్కడ ఆగాలి

ఎజెక్టర్ ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. మాస్‌బర్గ్ 500లో దాన్ని ఒకే మరతో బిగించారు, స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. 870లో రిసీవర్‌కు రివెట్లు వేసి బిగించారు. పాత రివెట్ తొలిచి, కొత్తది కొట్టి, పైన కనిపించే మచ్చను మళ్లీ రంగులో కలపాలి. ఇది తుపాకులు బాగుచేసే నిపుణుడి, అంటే గన్‌స్మిత్ పని. 870 గొళ్లేలు కూడా రిసీవర్ లోహాన్ని కాస్త నొక్కి నిలబెట్టినవే. ట్రిగ్గర్ గుంపు తీయగానే గొళ్లెం ఊడి కింద పడితే, ఆ నొక్కు వదిలేసిందన్న మాట. మళ్లీ నొక్కడానికి అలవాటున్న చెయ్యి కావాలి.

ట్రిగ్గర్ గుంపును కడగొచ్చు, ఆరబెట్టొచ్చు, నూనె చుక్క వేయొచ్చు. లోపలి సియర్‌ను, అంటే సుత్తిని పట్టి ఉంచే మెట్టును, ఆకురాయితో మాత్రం ముట్టుకోకూడదు. ట్రిగ్గర్ తేలిగ్గా కదలాలని అక్కడ వెంట్రుక మందం తీసినా తుపాకీ కింద పడినప్పుడు దానంతటదే పేలొచ్చు. బోల్ట్‌నో లాకింగ్ బ్లాక్‌నో మార్చితే తూటాకూ బోల్ట్ ముఖానికీ మధ్య ఖాళీని గేజ్ పెట్టి కొలవాలి. గేజ్ లేనివాడు ఆ భాగాలు మార్చకపోవడమే మంచిది.

పాత 870 కొన్నవాళ్లు తుపాకీని తిరగేసి పలకను ఒకసారి చూడాలి. 1980లలో ఆ పలకకు ఇంగ్లిష్ యు ఆకారంలో ఒక చీలిక పెట్టారు. ఆ చీలిక లేని పాతవాటిలో తూటా జారి పలకకూ బోల్ట్‌కూ మధ్య ఇరుక్కుంటే తుపాకీ పూర్తిగా పట్టేస్తుంది. కొత్త రకానికి మార్చుకోవచ్చు గానీ పలకతో పాటు దానికి జోడయ్యే భాగాలూ మార్చాలి. విడిగా పలక ఒక్కటే కొంటే డబ్బు దండగ.

మోడల్ 12 వాళ్లకు ఇంకో సంగతి. ఆ తుపాకీని రెండుగా విడదీసి పెట్టెలో పెట్టుకునేలా చేశారు. ఏళ్ల తరబడి విప్పి బిగిస్తే ఆ కీలు వదులవుతుందని ముందే ఊహించి, పళ్లున్న ఒక సర్దుబాటు ఉంగరం పెట్టారు. ఆట వచ్చినప్పుడు ఆ ఉంగరాన్ని ఒక పన్ను జరిపితే చాలు, బిగువు తిరిగొస్తుంది. అది తెలియక బ్యారెల్ మార్చినవాళ్లున్నారు.

పాత గొట్టం, కొత్త తూటా

ముక్కలన్నీ సరిగ్గా ఉన్నా తప్పు తూటా వేస్తే ప్రమాదమే. నీటి పక్షుల వేటలో సీసపు గుళ్లను అమెరికా 1991 నుంచి దేశమంతటా నిషేధించింది. బదులుగా వచ్చిన ఉక్కు గుళ్లు సీసంలా నలగవు. మూతి దగ్గర బాగా ఇరుకైన పాత బ్యారెళ్లలో అవి గీతలు పెడతాయి, ఒక్కోసారి ఉబ్బిస్తాయి. బిస్మత్ లాంటి మెత్తని గుళ్లు పాత గొట్టాలకు మేలు.

ఇంకోటి, తూటా పెట్టె మీద రాసే పొడవు పేలాక విచ్చుకున్న పొడవు. పాత 16 గేజ్ (గొట్టం వెడల్పు కొలత) తుపాకీల్లో చాలావాటి ఛాంబర్ 2 9/16 అంగుళాలే. ఇప్పటి 2¾ అంగుళాల తూటా అందులో హాయిగా పడుతుంది. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు ఉండదు, ఒత్తిడి పెరుగుతుంది. అందుకే దూరడాన్ని బట్టి సరిపోయిందని అనుకోకూడదు. ఛాంబర్ కొలిపించుకోవాలి.

ముక్కలు ఎక్కడ దొరుకుతాయి?

అమెరికా చట్టం దృష్టిలో తుపాకీ అంటే రిసీవర్. దాన్ని పోస్టులో తెప్పించుకోవాలంటే లైసెన్సున్న డీలర్ ద్వారానే రావాలి. స్ప్రింగులు, కొక్కేలు, పిడి, బ్యారెల్ లాంటివి పోస్టులో ఇంటికే వస్తాయి. 1939లో అయోవాలో మొదలైన బ్రౌనెల్స్ ఇలాంటి సామగ్రికి పెద్ద పేరు. ఉత్పత్తి ఆగిపోయిన మోడళ్లకు, పాత తుపాకుల్ని విప్పి ముక్కలుగా అమ్మే న్యూయార్క్ రాష్ట్రపు న్యూమ్రిచ్ లాంటి దుకాణాలే దిక్కు. ముక్క అడిగేటప్పుడు మోడల్, గేజ్‌తో పాటు తయారైన సంవత్సరం కూడా చెప్పాలి. 1968 చట్టానికి ముందు షాట్‌గన్‌లకు సీరియల్ నంబరు తప్పనిసరి కాదు. అందుకే చాలా పాత తుపాకుల మీద నంబరే ఉండదు. అలాంటప్పుడు బ్యారెల్ మీది ముద్రలే ఆధారం.

సొంత తుపాకీని బాగుచేసుకోవడానికి అక్కడ ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. ఇతరుల తుపాకుల్ని డబ్బు తీసుకుని బాగుచేసే వ్యాపారానికి కావాలి. షాట్‌గన్ బ్యారెల్ అనుమతి లేకుండా 18 అంగుళాలకు తగ్గకూడదన్న 1934 నాటి చట్టం ఉంది కాబట్టి, పాడైన మూతిని ఇంట్లో కోసుకుందామనుకునే ఆలోచన జైలు దాకా తీసుకెళ్తుంది. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉండి మొదటి తుపాకీ కొనుక్కుంటున్న మనవాళ్లకు ఇక్కడ ఇంకో జాగ్రత్త. వీసా రకాన్ని బట్టి తుపాకీ పెట్టుకునే అర్హత మారుతుంది. ముక్కల మాట తర్వాత, ముందు అది తేల్చుకోవాలి.

మన దగ్గర ఇలా కుదరదు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు ఇది చదివి స్క్రూడ్రైవర్ తీయొద్దు. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల తయారీ, అమ్మకంతో పాటు రిపేరుకూ లైసెన్సు ఉండాలి. తుడవడం, నూనె రాయడం యజమాని చేసుకోవచ్చు. ముక్క మార్చాలంటే మాత్రం రిపేరు లైసెన్సున్న డీలర్ దగ్గరికే వెళ్లాలి, రసీదు తీసుకోవాలి.

చివరి పరీక్ష

అన్నీ బిగించాక నేరుగా అసలు తూటాలు పెట్టి చూడరు. మందు లేని డమ్మీ తూటాలు నింపి, నెమ్మదిగా ఒకసారి, గట్టిగా ఒకసారి ఆడిస్తారు. ప్రతి డమ్మీ పలక మీదికి వచ్చిందా, ఛాంబర్‌లోకి పోయిందా, కిటికీలోంచి దూరంగా పడిందా అని చూస్తారు. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కితే సుత్తి కదలకూడదు. బోల్ట్ పూర్తిగా మూసుకోకముందు నొక్కినా కదలకూడదు. ఈ రెండింట్లో ఏది తప్పినా తుపాకీ గన్‌స్మిత్ దగ్గరికి పోవాల్సిందే.

ఒకేసారి అరడజను ముక్కలు మార్చడం కొత్తవాళ్లు చేసే పని. అప్పుడు జబ్బు తగ్గినా ఏ ముక్క తగ్గించిందో తెలియదు, కొత్త జబ్బు మొదలైతే ఎక్కణ్నుంచి వచ్చిందో అసలే తెలియదు. ఒక్కటి మార్చాలి, ఆడించి చూడాలి, సరిపోతే అక్కడితో ఆపాలి. తీసిన పాత ముక్కను తేదీ, మోడల్ రాసిన కవర్లో వేసి తుపాకీతో పాటే ఉంచాలి. మోడల్ 12 లాంటివాటిని కొనేవాళ్లు అసలు భాగాలకే ఎక్కువ ధర కడతారు. పైగా కొత్తది సరిపడక వెనక్కి పంపాల్సివస్తే, మళ్లీ బిగించుకోవడానికి ఆ అరిగిన ముక్కే గతి.